పాత ఓనర్ చేసిన మాడిఫికేషనే ఇప్పుడు నీ రిపేరు

ప్రశ్న (లెటర్ పెద్దది, కాస్త కుదించా):

అన్నా నమస్తే. మాది గుంటూరు, విద్యానగర్. పోయిన నెల 2006 మోడల్ మారుతి 800 ఏసీ కొన్నా, 62 వేలు, మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే ఆయన దగ్గర. నేను నాలుగో ఓనర్ని. పొద్దున పూట ఊళ్ళో తిరిగితే ఏ గొడవా లేదు గానీ విజయవాడ వెళ్ళేటప్పుడు కాజ టోల్‌గేట్ దగ్గర లైన్లో ఆగితే చాలు హీట్ ముల్లు పైకి ఎక్కేస్తంది, గేటు దాటి స్పీడ్ అందుకుంటే మళ్ళీ దిగిపోద్ది. ఒక మెకానిక్ రేడియేటర్ మార్చాలన్నాడు, ఇంకొకాయన ఇంజిన్ దించాలన్నాడు. మైలేజీ 11 దాటట్లేదు. స్టీరింగ్ కింద ఒక ఎక్స్‌ట్రా స్విచ్చి ఉంది, అది దేనికో అమ్మినాయనకీ తెలీదంట. నాకు ఆదివారాలు ఖాళీనే, ఇంటి దగ్గరే నేర్చుకుని పని చేసుకుందామని ఉంది. 13 ఇంచుల అలాయ్స్, స్ప్రింగులు రెండు చుట్లు కోసి బండి కిందకి దించడం, ఎల్‌ఈడీ హెడ్‌లైట్లు, గట్టి హారన్, ఇవీ నా ప్లాన్. 40 వేలు పక్కన పెట్టా. ఏది ముందు మొదలుపెట్టమంటారు? మా నాన్నైతే "ఇనప సామానోడికి వేసేదాన్ని డబ్బులిచ్చి తెచ్చావురా" అంటున్నాడు.

సమాధానం:

తమ్ముడూ, అలాయ్స్ ఏ కలర్ బాగుంటయ్యో ఒక పేజీ రాశావు (అది నేను తీసేశా, ఏమనుకోకు), ఆ స్టీరింగ్ కింద స్విచ్చి గురించి మాత్రం ఒక్క లైను రాసి వదిలేశావు, నాకు మొత్తం లెటర్లో పనికొచ్చిన ముక్క అదే. ఆ స్విచ్చి రేడియేటర్ ఫ్యాన్‌దని నా గట్టి అనుమానం. ఎందుకంటే నువ్వు చెప్పిన లక్షణం చూడు, ఆగితే ఎక్కుద్ది, కదిలితే దిగుద్ది. బండి 60లో పోతుంటే ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లార్చుద్ది, ఫ్యాన్ ఉన్నా లేకపోయినా తేడా తెలీదు, అదే టోల్‌గేట్ లైన్లో నిలబడితే గాలి లాగాల్సింది ఫ్యానే, అది తిరగట్లేదన్నమాట, లేదా గాలి లోపలికి పోయే దారి మూసుకుపోయింది. అదే రేడియేటర్ లోపల పూడిపోతే కథ తిరగబడుద్ది, హైవే మీద స్పీడ్‌లో పోయేకొద్దీ ఎక్కుద్ది, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంకా ఎక్కుద్ది. నీది అలా లేదు కాబట్టి రేడియేటర్ మార్చమన్నాయనకీ ఇంజిన్ దించమన్నాయనకీ ఇప్పుడే డబ్బులివ్వక్కర్లేదు.

ఇక్కడ ఏం జరిగుంటదో చెప్తా, పాత బళ్ళలో నేను చాలాసార్లు చూసిందే. నీకంటే రెండు ఓనర్ల ముందు ఎవరికో ఫ్యాన్ ఆటోమేటిగ్గా తిరగడం మానేసుంటుంది. అది సెన్సరా, రిలేనా (కరెంటుని ఆన్, ఆఫ్ చేసే చిన్న డబ్బీ స్విచ్చి), కనెక్టర్లో తుప్పా అని వెతకాలంటే అరపూట పని, వెతకలేక ఫ్యాన్‌కి ఒక వైరు డైరెక్ట్ లాగి స్టీరింగ్ కింద స్విచ్చి పెట్టి "ట్రాఫిక్లో ఇది వేస్కోండి సార్" అని పంపించేసుంటారు. ఆ ఓనర్‌కి గుర్తుంది, వేసుకున్నాడు. ఆయన అమ్మేటప్పుడు కొన్నాయనకి చెప్పాడో లేదో, కొన్నాయన నీకైతే చెప్పలేదు. మాడిఫికేషన్ అంటే అలాయ్సే అనుకుంటాం గానీ అసలు మాడిఫికేషన్లు ఇవి, మూడు చేతులు మారిన బండిలో ఇలాంటివి డజను ఉంటయ్, నువ్వు కొత్తగా ఒకటి పెట్టేముందు వీటిని ఒక్కొక్కటే విప్పి కంపెనీ ఎలా ఇచ్చిందో అక్కడికి తేవాలి. నా సలహా మొత్తం ఇంతే, మిగతాది ఎలా చెయ్యాలన్నదే.

మొదటి ఆదివారం ఒక్క రూపాయి సామాను కూడా కొనకు. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు తాళం ఆన్ చేసి, స్టార్ట్ చెయ్యకుండా, ఆ స్విచ్చి వేసి బానెట్ ఎత్తి చూడు. ఫ్యాన్ తిరిగితే నా లెక్క కరెక్టే. తిరక్కపోతే ఆ వైరు పట్టుకుని ఎటు పోతుందో చివరిదాకా వెళ్ళు, టేపు చుట్టి ఉన్న ప్రతి చోటా ఆగి టేపు విప్పి చూడు, ఇన్సులేషన్ కరిగి రాగి బయటపడి ఉంటే అక్కడే బండి తగలబడే ఛాన్సు ఉంటుంది, నవ్వుతాలుకి చెప్పట్లేదు. ఆ వైరు మధ్యలో ఫ్యూజు ఉందా లేదా చూడు, ఇలా లాగినవాటికి చాలావాటికి ఉండదు. తర్వాత ఫ్యాన్ కనెక్టర్ ఊడదీసి, రెండు వైర్లతో బ్యాటరీ నుంచి డైరెక్ట్‌గా కరెంటివ్వు, అప్పుడూ తిరక్కపోతే మోటారే పోయింది, తిరిగితే మోటారు మంచిదే, ఫ్యూజు, రిలే, సెన్సరు ఈ మూడిట్లో ఒకటి. ముందు ఫ్యూజు, తర్వాత పక్కనే అదే నంబరు రిలే ఇంకోటి ఉంటే మార్చి పెట్టి చూడు, అది ఖర్చు లేని టెస్టు. సెన్సరు దాకా వెళ్ళేది చివర్లో. చేతులు మాత్రం ఫ్యాన్ రెక్కలకి దూరంగా పెట్టు, ఇంజిన్ వేడిగా ఉంటే ఎప్పుడు తిరుగుద్దో దానికే తెలుసు.

ఇప్పుడు మైలేజీ సంగతి. 800 ఊళ్ళో 11 ఇచ్చిందంటే పెట్రోల్ ఎక్కడో వేస్ట్ అవుతుంది. నువ్వు లెటర్లో ఇంకో చోట పొద్దున పూట ముల్లు చాలాసేపు కిందే ఉంటుందని రాశావు, అదేదో మంచి లక్షణం అన్నట్టు. కాదు. థర్మోస్టాట్ వాల్వు (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్‌కి పోనియ్యకుండా ఆపేది) పీకేసుంటారు. మన దగ్గర ఇది పెద్ద జబ్బు, "మన ఎండలకి ఇదెందుకండీ, చలి దేశాలోళ్ళకి" అని తీసి పక్కన పడేస్తారు. ఈ అలవాటు ఎలా వచ్చిందంటే వాల్వు పాతబడితే ఒక్కోసారి మూసుకున్న కాడే బిగుసుకుపోద్ది, నీళ్ళు రేడియేటర్‌కి పోవు, బండి హీటెక్కుద్ది, వాల్వు పీకేస్తే వెంటనే తగ్గుద్ది, దాంతో దోషం వాల్వుదే అని పేరు పడిపోయింది. వాల్వు లేకపోతే నీళ్ళు మొదటి నిమిషం నుంచే రేడియేటర్లో తిరిగి చల్లారిపోతుంటయ్, ఇంజిన్‌కి రావాల్సిన వేడి రాదు, నీది ఎంపీఎఫ్ఐ బండి, అంటే పెట్రోల్ ఎంత పొయ్యాలో కంప్యూటర్ లెక్కేసే రకం కాబట్టి కంప్యూటర్ "ఇంకా చల్లగానే ఉంది" అనుకుని పెట్రోల్ ఎక్కువ పోస్తానే ఉంటుంది. వాల్వు తీసినందువల్లే మైలేజీ పడింది అని పందెం కట్టను గానీ ముందు అనుమానించాల్సింది దీన్నే, ఆ తర్వాతే ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టరు, పట్టేస్తున్న బ్రేకులు.

చూడ్డం తేలికే. రేడియేటర్ పై హోస్ పైపు ఇంజిన్‌ని కలిసే చోట చిన్న మూత ఉంటుంది, రెండు బోల్టులు, ఇంజిన్ పూర్తిగా చల్లారాక విప్పు. లోపల ఖాళీగా ఉంటే నేను చెప్పిందే. వాల్వు ఉంటే దాన్ని టెస్ట్ చెయ్యి, కొత్తది కొన్నా సరే బిగించేముందు టెస్ట్ చెయ్యి. గిన్నెలో నీళ్ళు పోసి స్టవ్ మీద పెట్టి వాల్వుకి దారం కట్టి వేలాడదియ్యి, అడుగుకి తగలకూడదు. దాని మీదే 82 అనో 88 అనో డిగ్రీలు అచ్చేసి ఉంటయ్, నీళ్ళు చిన్న చిన్న బుడగలు వచ్చి మరగబోయే ముందు మధ్యలో ఉన్న రేకు మెల్లగా కిందకి దిగుద్ది, అలా కళ్ళ ముందు తెరుచుకోవడం చూస్తే భలే సరదాగా ఉంటుంది, దించేసి చల్లారిస్తే మళ్ళీ మూసుకుంటది. నీళ్ళు కుతకుతా మరుగుతున్నా రేకు కదల్లేదంటే పడెయ్. మీ అమ్మగారి పాల గిన్నె మాత్రం తీసుకోకు, నేను తీసుకున్నా, ఆ గిన్నె ఇప్పటికీ మా ఇంట్లో "కారు గిన్నె" పేరుతో బాల్కనీలో ఉంది.

బిగించేటప్పుడు పాత ప్యాకింగ్ ముక్కలు శుభ్రంగా గీకి కొత్త ప్యాకింగ్ వెయ్యి, ఆ బోల్టులు అల్యూమినియంలోకి పోతయ్ కాబట్టి బలం చూపించకు, మర పోయిందంటే ఆదివారం కాస్తా వారం అవుద్ది.

తర్వాత నీళ్ళు. రేడియేటర్ మూత (చల్లారాకే, ఎంత చెప్పినా తక్కువే, వేడి మీద తీస్తే మొహం కాలుద్ది) తీసి చూస్తే కషాయం రంగులో ఉంటే ఇన్నాళ్ళూ బోరు నీళ్ళు పోశారని అర్థం. బోరు నీళ్ళు కాచే గిన్నెకి అడుగున తెల్లగా పెచ్చు కడుద్ది చూశావా, అదే పెచ్చు నీ రేడియేటర్ సన్న గొట్టాల్లో కడతా ఉంటుంది. కింద హోస్ ఊడదీసి మొత్తం వంపేసి, మంచి నీళ్ళతో రెండు మూడుసార్లు కడిగి, కలిపి అమ్మే రెడీమేడ్ కూలెంట్ పొయ్యి, విడిగా కొంటే డిస్టిల్డ్ వాటర్‌తో కలుపు. పోసేటప్పుడు హీటర్ నాబ్ ఎర్ర వైపు తిప్పి, మూత తీసి ఇంజిన్ ఐడిల్లో పెట్టి మెల్లగా పొయ్యాలి, లోపల గాలి బుడగ ఉండిపోతే మళ్ళీ హీటెక్కి నన్ను తిడతావ్. వంపిన పాత కూలెంట్ వాకిట్లో వదలకు, కాస్త తియ్యగా ఉంటుంది, వీధి కుక్కలు నాకితే చచ్చిపోతయ్. రేడియేటర్ మూత కూడా కొత్తది వేసెయ్, తక్కువ ఖర్చు, నీళ్ళు 100 డిగ్రీలకే మరిగిపోకుండా ప్రెషర్ పట్టి ఉంచేది అదే, దాని రబ్బరు ఎండిపోతే మిగతా పనంతా చేసి కూడా దండగ.

ఇంజిన్ దించమన్నాయన మాట కూడా ఊరికే కొట్టిపారెయ్యకుండా ఒకసారి చూస్కో. ఆయన అనుమానం హెడ్ ప్యాకింగ్ (ఇంజిన్ పై ముక్కకీ కింద ముక్కకీ మధ్య ఉండే ప్యాకింగ్) మీదై ఉంటుంది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, మూత తీసిన రేడియేటర్లో ఆగకుండా బుడగలు వస్తున్నయ్యా, ఆయిల్ పోసే మూత అడుగున మీగడలాగా పేరుకుందా, సైలెన్సర్ నుంచి బండి వేడెక్కాక కూడా తెల్ల పొగ వస్తుందా చూడు. ఈ మూడూ లేకపోతే ఇప్పటికి ఇంజిన్ జోలికి పోవద్దు.

నీ బండి మిర్చి యార్డు బండి అన్నావు కాబట్టి ఇంకోటి. ముందు గ్రిల్లు తీసి టార్చ్ వేసి ఏసీ కండెన్సర్‌కీ (రేడియేటర్ ముందు, దానిలాగే ఉండే ఏసీ జాలీ) రేడియేటర్‌కీ మధ్య సందు చూడు. దుమ్ము, పురుగులు, దూది పింజలు దుప్పటిలా పట్టి ఉంటయ్, గాలి ఎట్టా పోద్ది? వెనక నుంచి, అంటే ఇంజిన్ వైపు నుంచి ముందుకి, మామూలు పైపు నీళ్ళతో కడుగు, వాటర్ సర్వీసింగ్ గన్‌తో కొట్టించావంటే ఆ సన్న రేకులన్నీ మడిచిపోతయ్. కార్పెట్లు పీకేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకో, మా బాబాయి యార్డు జీపు కడిగిన రోజు ఇంటిల్లిపాదీ సాయంత్రం దాకా తుమ్మారు. కార్పెట్ కింద ఎటూ చూస్తావు కాబట్టి సీటు పట్టాల బోల్టులు, డిక్కీలో స్టెప్నీ పెట్టే గుంట, డాష్‌బోర్డు లోపలి వైర్ల గుత్తి, వీటి మీద సన్నటి ఎండిన బురద ఉందేమో చూడు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్ వైపు బళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నయ్, అట్టాంటివి కడిగి పాలిష్ కొట్టి అమ్మేవాళ్ళు ఉంటారు. నీది అదే అనట్లేదు, కానీ బురద కనపడితే వైరింగ్ కనెక్టర్లన్నీ విప్పి శుభ్రం చేసేదాకా వేరే పని పెట్టుకోకు.

జాకీ గురించి. బండితో వచ్చిన జాకీ స్టెప్నీ మార్చడానికి, కిందకి దూరడానికి కాదు. జాకీ మీద ఉన్న బండి కింద తల పెట్టే పని ఎప్పుడూ చెయ్యకు, స్టాండ్లు ఒక జత కొను, నీ 40 వేలల్లో మొదటి ఖర్చు అదే అవ్వాలి. ఇటుకలు పేర్చడం కూడా వద్దు, ఇటుక ఒక్కసారిగా పొడైపోద్ది. విప్పిన చక్రాన్ని బాడీ కింద పడుకోబెట్టు, ఏదన్నా జారినా ఆ సందు మిగులుద్ది. నేను పటమటలో మా ఇంటి ముందు ర్యాంపు మీద, అదీ వాలు మీద, నా పాత మారుతి జెన్ లేపా, ముందు చక్రం లేచింది, బండి ఒక జానెడు వెనక్కి జరిగింది, జాకీ వంగి పడిపోయింది. అప్పుడే పానా కోసం లోపలికి వెళ్ళా కాబట్టి ఇది రాస్తున్నా. అప్పట్నుంచి చదునైన చోటు, రెండు చక్రాలకి అడ్డు, హ్యాండ్ బ్రేకు, గేరు, ఇవన్నీ అయ్యాకే జాకీ.

బ్రేకుల్లో ముందు ప్యాడ్లు నువ్వే మార్చుకోవచ్చు, వెనక డ్రమ్ములు విప్పి దుమ్ము చూస్కోవచ్చు (నోటితో ఊదకు, తడి గుడ్డతో తుడువు). వీల్ సిలిండర్ లీకులు, మాస్టర్ సిలిండర్, పైపులు మాత్రం మెకానిక్‌తోనే చేయించు, పక్కన నిలబడి చూడు. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమ పీల్చుకుంటది, రెండేళ్ళకోసారి మార్చాలి, నీ బండిలో ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలీదు కాబట్టి ఇప్పుడే మార్పించు. పెట్రోల్ పైపులు కూడా చేత్తో నొక్కి చూడు, పగుళ్ళున్నా, మెత్తబడి జిగురుగా ఉన్నా మార్చెయ్, ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, 2006లో ఆ రబ్బరు చేసినప్పుడు ఎవరూ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఇక నీ ప్లాను.

స్ప్రింగులు కొయ్యడం, వద్దు. నా జెన్‌కి నేనే కోయించా, 24 ఏళ్ళ వయసులో, చూడ్డానికి భలే ఉంది. మొదటివారం వారధి మీద ఒక్కో జాయింటు దగ్గర నా నడుం లెక్కపెట్టింది, రెండోవారం స్పీడ్ బ్రేకర్ దిగుతుంటే వెనక స్ప్రింగు కూర్చున్న చోటు నుంచి జరిగి చక్రం మడ్‌గార్డుకి రాసుకుంది. కోసిన స్ప్రింగు చివర చదునుగా కూర్చోదు, షాకబ్జర్ పూర్తిగా సాగినప్పుడు వదులైపోద్ది, అది తిరిగి ఎక్కడ కూర్చుంటదో దాని ఇష్టం. ఆటోనగర్ వెళ్ళి మళ్ళీ నాలుగూ కొనుక్కున్నా. ఆ డబ్బులతో నువ్వు కొత్త షాకబ్జర్లు, బుష్‌లు వేయించు, బండి నిలబడే తీరే మారిపోద్ది.

అలాయ్స్ వేసుకో, నేను వద్దనను, కానీ లెక్క తెలిసి వేసుకో. నీ కంపెనీ టైరు 145/70 ఆర్12, మొత్తం ఎత్తు 508 మిల్లీమీటర్లు. షాపోళ్ళు 13కి ఎక్కువగా చెప్పే 155/65 వేస్తే 532 అవుద్ది, దాదాపు 5 శాతం పెద్దది. అంటే మీటర్లో 60 చూపిస్తుంటే నువ్వు 63లో పోతుంటావ్, 37 హార్స్‌పవర్ ఇంజిన్ ఆ పెద్ద చక్రాన్ని తిప్పడానికి ఫ్లైఓవర్ మీద ఆయాసపడుద్ది. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు, వెనక నలుగురు కూర్చున్నప్పుడు రాసుకుంటుందేమో షాపులోనే చూస్కో. నన్నడిగితే 12 ఇంచుల రేకు చక్రాలే గీకించి సిల్వర్ కొట్టించి మంచి టైర్లు వేస్తా.

ఎల్‌ఈడీ బల్బులు ఆ పాత హాలోజెన్ రిఫ్లెక్టర్లో పెడితే నీకు వెలుగు కనపడుద్ది, ఎదురొచ్చేవాడికి కళ్ళు కనపడవు. నీ సమస్య బల్బు కాకపోవచ్చు కూడా. ఒక చిన్న మల్టీమీటర్ కొని, ఇంజిన్ ఆన్‌లో, లైట్లు వేసి బ్యాటరీ దగ్గర చూడు, 14 వోల్టుల దగ్గర ఉండాలి, తర్వాత హెడ్‌లైట్ కనెక్టర్ వెనక చూడు, 12 లోపు ఉందంటే 20 ఏళ్ళ వైరూ స్విచ్చీ కలిసి కరెంటు మింగేస్తున్నయ్. రిలే కిట్ వేసి బ్యాటరీ నుంచి ఫ్యూజుతో కొత్త వైరు లాగితే అదే 60/55 వాట్ల బల్బు కొత్తగా కొన్నదానిలాగా వెలుగుద్ది. ఇంటి దగ్గర చేసుకునే పనుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇది, ఒక సాయంత్రం చాలు. రిలే లేకుండా 100/90 బల్బులు మాత్రం పెట్టకు, హోల్డర్లు కరిగిపోతయ్.

హారన్ కంపెనీ లాంటిదే మంచిది ఒక జత వేస్కో, రకరకాల రాగాలు తీసేవి రూల్స్ ప్రకారం కుదరవు. అసలు మోటార్ వెహికల్స్ యాక్ట్ సెక్షన్ 52 కింద కంపెనీ స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండి మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. రంగు మార్చినా, గ్యాస్ కిట్ పెట్టినా ఆర్సీలో ఎక్కించాలి. ఆర్సీ అంటే గుర్తొచ్చింది, 2006 బండికి 15 ఏళ్ళు 2021కే అయిపోయినయ్, తర్వాత ఐదేళ్ళకోసారి రిన్యూవల్, నీదాని తేదీ ఇవాళే చూడు. 20 ఏళ్ళు దాటిన బళ్ళకి రిన్యూవల్ ఫీజు 2025లో పెంచారు కూడా, అలాయ్స్ డబ్బుల్లోంచి అది ముందు పక్కన పెట్టు, ఫిట్‌నెస్ చూసేటప్పుడు నీ మార్పులన్నీ వాళ్ళ కంట్లో పడతయ్.

సామాను కోసం గుంటూరులో దొరకనిది ఏమన్నా ఉంటే మా జవహర్ ఆటోనగర్‌కి రా, పాత పార్టు చేత్తో పట్టుకుని రా, "800ది" అని నోటితో చెప్తే సరిపోదు. మారుతి 800 తయారీ 2014లోనే ఆగిపోయినా సామాను ఇంకా బానే దొరుకుద్ది, కాకపోతే "ఆల్టోది కూడా ఇదేనండీ, అదీ 796 సీసీనే" అంటే తల ఊపెయ్యకు, ఆల్టోది ఎఫ్8డి ఇంజిను, నీది ఎఫ్8బి, కొన్ని కలుస్తయ్ కొన్ని కలవవు. డోర్ హ్యాండిల్, అద్దం, సీటు, ఇట్టాంటివి సెకండ్స్ తీసుకో, ఏం కాదు. బ్రేకులు, రబ్బర్లు, థర్మోస్టాట్, బెల్టులు మాత్రం కొత్తవే. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే మార్చలేదనే అనుకో, అది మెకానిక్ చేతే వేయించు.

మీ నాన్నగారిని ఇప్పుడే ఒప్పించాలని చూడకు. ఫ్యాన్ వైరు విప్పే రోజు టార్చి పట్టుకోమని పిలువు చాలు, వస్తారు, తిడుతూనే పట్టుకుంటారు. ఆ స్విచ్చి వేస్తే ఏం తిరిగిందో మాత్రం నాకు రాయి. ఫ్యాన్ కాకుండా ఇంకేదన్నా అయితే బ్రాడీపేటలో టిఫిన్ నాది, ఫ్యానే అయితే నీది.